వదిన గారి ఏడుపు

"కుటుంబాన్ని మించిన కట్టడాన్ని మానవజాతి ఇంతవరకూ కట్టలేదు," అని దర్శకుడు టీవీ కెమెరా ముందు ప్రకటించాడు. సోఫాల్లో కూర్చున్న ఆయన కుటుంబసభ్యులు తొమ్మిదిమందీ ఒక్కసారిగా తలలూపారు. వాళ్లలో ఒకరి పేరు ఒకరికి తెలియదు. పొద్దున్నే సినిమా కంపెనీ వ్యానులో వచ్చి దిగారు.

వదిన స్థానంలో కూర్చున్నది డబ్బింగ్ అక్కయ్య. ఇరవై రెండేళ్లుగా తెర మీద తల్లులకూ, అత్తలకూ, అన్యాయమైపోయిన అక్కలకూ ఆవిడే ఏడుస్తోంది. ముక్కు ఎగబీల్చే ఏడుపు, గోడకు ఆనుకుని జారే ఏడుపు, నోట్లో కొంగు కుక్కుకునే ఏడుపు, ఏది అడిగినా గుక్క తిప్పుకోకుండా ఇస్తుంది. ఇంతా చేసి, ఆవిడ పేరు ఒక్క సినిమాలోనూ తెర మీద పడలేదు.

"ఈ ఒక్కపూట మా వదినగా కూర్చో అక్కయ్యా. వచ్చే సినిమాలో నీ పేరు విడిగా వేయిస్తా," అన్నాడు దర్శకుడు. ఆవిడ బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకొచ్చింది.

సంగతేమిటంటే, ఆయన తీసిన కుటుంబచిత్రం ఊళ్లకు ఊళ్లను ఏడిపిస్తోంది. అందులో, పెంచిన వదినను కాదని వెళ్లిపోయిన మరిది, ఆఖర్న తిరిగొచ్చి ఆవిడ కాళ్ల మీద పడతాడు. "ఇది మా ఇంటి కథే. ఇప్పటికీ మేమంతా ఒకే కప్పు కింద ఉంటాం," అని దర్శకుడు ఏదో సభలో నోరు జారాడు. ఆ కప్పు చూపించమని చానల్ వాళ్లు వెంటపడ్డారు. కప్పుకేం, దివ్యంగా ఉంది. దాని కింద ఉండేది మాత్రం ఆయనా, ఆయన కుక్కా.

అసలు వదిన లేకపోలేదు. తల్లి లేని పిల్లాణ్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆరేళ్ల కిందట ఆయన మొదటి సినిమా చూసి, "రెండో సగంలో నిద్రపట్టేసింది నాయనా," అంది. ఆ రోజు నుంచి ఆయన ఆ గడప తొక్కలేదు.

"వదిన గారూ, చిన్నప్పుడు మీ మరిది గారు ఎలా ఉండేవారండీ?" అని విలేకరి అమ్మాయి మైకు ముందుకు చాచింది.

"ఇప్పటిలాగే ఉండేవాడమ్మా. ఏం కావాలన్నా ఏడ్చి సాధించేవాడు," అంది డబ్బింగ్ అక్కయ్య.

అద్దె బాబాయి ఒకడు నిజంగానే నవ్వాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఓ పెద్దావిడ చెప్పులు విడిచి, చేతిసంచితో లోపలికొచ్చింది.

"నీ సినిమా చూశాను నాయనా," అంది నేరుగా దర్శకుడితోనే. "చివర్లో ఆ అబ్బాయి చేత చెప్పించిన మాటలు నాకేనని తెలిసిపోయింది. ఇంకా నేను బిగుసుకు కూచోడం ఏం బాగుంటుందని వచ్చేశా."

కెమెరా ఆవిడ వైపు తిరిగింది. దర్శకుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా గొంతు సవరించుకున్నాడు.

"మా వంటావిడండీ. కాస్త చాదస్తం. నన్ను సొంత మరిదిలా చూసుకుంటుంది." ఆవిడ వైపు తిరిగి, "వంటిల్లు అటు," అని చెయ్యి చూపించాడు.

పెద్దావిడ ఆ చేతిని చూసింది. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, నిజంగానే వంటింటి వైపు ఓ అడుగు వేసింది.

డబ్బింగ్ అక్కయ్య కళ్లముందు తెర మీద తన పేరు పెద్ద అక్షరాల్లో పడి, చూస్తుండగానే చెరిగిపోయింది. ఆవిడ లేచి నిలబడింది.

"ఇలా రండి వదిన గారూ, ఈ చోటు మీది. నేను డబ్బింగ్ చెప్పుకునేదాన్ని. వీళ్లంతా వ్యానులో వచ్చినవాళ్లు."

"మధ్యాహ్నం భోజనం పెడతామన్నారు," అన్నాడు బాబాయి, తన న్యాయం తను చెప్పుకుంటూ.

దర్శకుడు ఊరికే దర్శకుడు కాలేదు. రెప్పపాటులో వెళ్లి వదిన కాళ్ల మీద పడ్డాడు.

"వదినా, నీ గడప తొక్కని ఈ కాళ్లు నాకెందుకు వదినా," అని భోరుమన్నాడు. అక్షరం పొల్లుపోకుండా సినిమాలో మాటే.

వదిన చెయ్యి ఆయన తల మీదికి దిగింది. వేళ్లు జుట్టుకు తగిలాయో లేదో, ఆయన తలెత్తి కెమెరా మనిషి వైపు చూశాడు.

"ఆవిడ మొహం మీద లైటు పడలేదయ్యా. ఇంకోసారి చేద్దాం. వదినా, నువ్వు మళ్లీ గుమ్మంలోంచి రా."

వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రెండోసారి రాలేను నాయనా," అంది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మూడోరోజు డబ్బింగ్ అక్కయ్యకు కబురొచ్చింది. దర్శకుడు చానల్ వాళ్లను కాళ్లావేళ్లా పడి ఒప్పించాడట. వ్యాను సంగతి తీసేశారు, వదిన చివరిమాట తీసేశారు. కాళ్ల మీద పడ్డ ముక్క మాత్రం ఉంచారు. దానికి వదిన ఏడుపు ఒక్కటే తక్కువైంది. వెళ్లకూడదనుకుంది అక్కయ్య. కానీ ఆ వదిన గొంతు ఇంకెవరి నోట్లోనో పడటం మనసొప్పక వెళ్లింది.

అద్దాల గదిలో మైకు ముందు నిలబడింది. ఎదుట తెర మీద దర్శకుడి వీపు అదురుతోంది. ఏడుద్దామని గుండెల నిండా గాలి పీల్చుకుంది. అప్పుడు చూసింది. కాళ్ల మీద పడివున్న మనిషి, లైటు కోసం ఓరకంట వెతుకుతున్నాడు.

నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. భుజాలు ఎగిరెగిరిపడ్డాయి. నవ్వు ముక్కలు ముక్కలుగా కొంగులోంచి తెగిపడింది.

గది బయట దర్శకుడు కళ్లు తుడుచుకున్నాడు. "ఏడుపంటే ఇదీ. ఇరవై రెండేళ్లలో ఇంత నిజంగా ఎప్పుడూ ఏడవలేదు అక్కయ్యా నువ్వు," అన్నాడు.

ఆ ఆదివారం టీవీలో అది చూసి జనం వెక్కివెక్కి ఏడ్చారు. థియేటర్లలో మళ్లీ టిక్కెట్లు దొరకలేదు.

సోమవారం పొద్దున అక్కయ్య ఇంట్లో ఫోను మోగింది.

"అమ్మా, నేను ఆ వంటావిణ్ని," అంది అవతలి గొంతు.

"చెప్పండి వదిన గారూ."

"నిన్న టీవీలో నా బదులు మీరు నవ్వారు కదూ?"

అక్కయ్య గతుక్కుమంది. "ఊరందరికీ ఏడుపనిపించింది కదండీ. మీకెలా తెలిసింది?"

"వాణ్ని పెంచినదాన్ని కదమ్మా. వాడి ఏడుపు చూస్తే ఏమొస్తుందో నాకు తెలీదూ?"

నవ్వు ఎవరు ముందు మొదలుపెట్టారో తెలియదు. ఆ చప్పుడుకు పక్కగదిలో గడ్డం గీసుకుంటున్న అక్కయ్య భర్త, సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు పోయారే?" అన్నాడు కంగారుగా.