అంగుళం ఉత్తరీయం

ప్రచండ మార్తాండుడు కిటికీ పరదాను దాటి భోజనాల బల్లపై పాదం మోపిన ఆదివార మధ్యాహ్నవేళ, కడిగిన కంచాల తడి ఇంకా ఆరకమునుపే, మూడుగదుల ఇంటి నడిమిగదిలో ఒక మహాసంగ్రామం ఆరంభమైంది. ఆ రణానికి నాయిక ఆ ఇంటి కోడలు. వారానికి ఆరు దినములు ఆఫీసులో పరుల ఇళ్ళకు ప్లాన్లు గీస్తూ, గోడ మందంలో వెంట్రుకవాసి తేడానైనా సహించని ధీర. ఆమె ఎదుట అంగుష్ఠప్రమాణ దేహుడు, ఖడ్గహస్తుడు, అరిభయంకరుడు అయిన ఒక ప్లాస్టిక్ యోధుడు నిలిచి ఉన్నాడు. ఆయనకు సర్వమూ సమకూరింది, వెనుక రెపరెపలాడవలసిన ఉత్తరీయం, అనగా కేప్, తప్ప.

సాయంత్రం ఐదింటిలోగా ఆ వీరుణ్ణి చిట్టిబొమ్మల సంఘంవారి ప్రదర్శనకు అప్పగించాలి. కిందటి రెండేళ్ళూ ఆమె పంపిన యోధులతో పాటు ఒకే వాక్యమున్న చీటీ తిరిగివచ్చింది: "కేప్ తలుపుచెక్కలా ఉంది."

పసుపు ముద్ద, నీలం ముద్ద కలిపి పిసికి, హరితవర్ణం దాల్చిన బొమ్మల పుట్టీని, గంటన్నరలో శిలాసదృశమయ్యే ఆ మాయాపదార్థాన్ని, ఆమె పల్చగా ఒత్తి, సూదిమొనతో మడతలు గీసి, యోధుని వీపున కప్పింది. మొదటి ఉత్తరీయంపై బొటనవేలి ముద్ర పడింది. రెండవది మెడవద్ద చిరిగింది. మూడవది తడిసిన గోనెపట్టాలా కాళ్ళకు చుట్టుకొంది. మూడుమార్లూ ఆ వీరుడు వివస్త్రపృష్ఠుడై నిలిచాడు.

కంచాలు తుడుస్తున్న భర్త దయార్ద్రహృదయుడై ఇలా పలికాడు: "ఏదో ఒకటి అంటించెయ్యరాదూ? వెనకవైపు ఎవరు చూస్తారు?"

"కేప్ ఉండేదే వెనకవైపు."

ఆ వాగ్బాణం తగిలి ఆయన మళ్ళీ కంచాల వైపు మరలాడు.

కిటికీ పక్క కుర్చీలో మామగారు కూర్చుని ఉన్నారు. నలభైయేళ్ళు కత్తెర పట్టి ఊరి భుజాలన్నిటినీ కొలిచిన దర్జీకులతిలకుడు ఆయన. చేతికి వణుకు వచ్చి కొట్టు మూసిన నాటినుండి, ఎనిమిది మాసాలుగా, గుడ్డ అన్న మాట ఆయన నోట వెలువడలేదు. దిండుగలీబు చిరిగినా ముఖం తిప్పుకొనేవారు. అటువంటి మహామౌని ఆనాడు గొంతు సవరించుకొన్నారు.

"గాలి ఎటునుంచి?"

కోడలు తలెత్తింది. "ఏ గాలి మామయ్యా?"

"అతగాడి వెనక ఎగురుతోంది కదా. గాలి లేకుండా ఎలా ఎగురుతుందమ్మా?"

ఆమె బొమ్మను ఇటూ అటూ తిప్పి చూసింది. ఆ వృద్ధవీరుడు లేచి, తువ్వాలును రెండు పిన్నీసులతో భుజాలకు తగిలించుకొని, టేబుల్ ఫ్యానుకు ఎదురుగా నిలబడ్డారు. కొడుకు మీట నొక్కాడు. డెబ్బైయేళ్ళ ఆ వీపుపై నీలిచారల తువ్వాలు విజయధ్వజంలా ఎగసింది. నవ్వే సాహసం ఎవ్వరూ చెయ్యలేదు.

"చూడు. మడత పిన్నీసు దగ్గర పుడుతుంది. మధ్యలో పుట్టదు. నువ్వు మధ్యలో గీస్తున్నావు."

ఆమె ఆయన వెనుక నేలపై కూర్చుని, మడతల నడకను కన్నార్పక చూసింది. పిదప నాలుగవ పుట్టీముద్దను ఒత్తి వెంటనే ఎత్తబోగా, "కాస్త ఆరనియ్యి, తడిబట్ట మాట వినదు," అని ఆయన ఆజ్ఞాపించారు. అరగంట ముగ్గురూ ఒక పచ్చని ముక్కను చూస్తూ కూర్చున్నారు. అప్పుడు ఆమె దానిని ఎత్తి, రెండు భుజాలకూ అదిమి, అక్కడినుండి మడతలను కిందికి నడిపించింది. ఉత్తరీయం ఎగసింది. ఎడమ అంచు మూల ఒక్కటే మొండిగా వేలాడింది. ఆమె వేళ్ళకు చెమట పట్టింది.

"మామయ్యా, ఈ మూల మీరు తిప్పండి," అని సూది చాచింది.

"నా చెయ్యి సంగతి తెలుసుగా."

"నా చెయ్యి సంగతి మీరు మూడుసార్లు చూశారుగా."

ఆయన మోచేతిని బల్లపై ఆనించి, కుడిమణికట్టును ఎడమచేత బిగించి, సూదిని దించారు. సూది వణికింది. ఆయన ఆగారు. ఒక వణుకుకూ మరో వణుకుకూ నడుమ లిప్తపాటు నెమ్మది ఉన్నది. ఆ సందులో, సరిగ్గా ఆ సందులో, మూల పైకి తిరిగింది.

ఐదుకు పది నిమిషాలుండగా ముగ్గురూ ప్రదర్శనశాల చేరారు. కోడలు యోధుణ్ణి అప్పగించి రసీదు తీసుకొనేలోగా, మామగారు చేతులు వెనక్కి కట్టుకొని బల్లల వెంట తిరిగి, బారులు తీరిన ముప్పైమంది వీరుల వీపులనూ పరిశీలించి వచ్చారు.

"ఒక్కడికీ భుజం కొలత కుదరలేదు," అన్నారు గట్టిగా, హాలంతా వినబడేలా. "ఎవరమ్మా వీళ్ళ దర్జీ?"

ఇంటికి నడిచినంతసేపూ ఆయన చెయ్యి భుజంతో కలిసే కుట్టు గురించీ, బట్ట నేతలోని అడ్డపోగు గురించీ, ఒకనాటి పెళ్ళికోటు గురించీ ఆపకుండా చెబుతూనే ఉన్నారు. కోడలు ఆపకుండా అడుగుతూనే ఉంది. ఇట్లు, ఎనిమిది మాసాల మౌనదుర్గం కూలి, చతుర్థ ప్రయత్నమున, ఒక అంగుళం పొడవుగల ఉత్తరీయపు ఎడమమూల గోరంత పైకి లేచినది. లోకులారా, ఇది విజయమని తెలియుడు.