రెండు పేర్ల శిఖరం

ప్రతి మండలానికీ ఒక పర్వతం ఉండాలన్న ఉత్తర్వు ప్రకారం, ఆల్ప్స్‌లో నాలుగు వేల మీటర్లు దాటిన శిఖరం ఒకటి కార్తీకమాసంలో గోదావరి డెల్టాలోని ఒక పట్టణానికి బదిలీ మీద వచ్చి, మంగతాయారు మేడ మీద వాటాలో అద్దెకు దిగింది. సామాను పెద్దగా లేదు. కొంత మంచు, రెండు మేఘాలు. మేఘాల్ని దండెం మీద వేసుకోవచ్చని మంగతాయారు చెప్పింది.

"కొండకి వాటా ఇచ్చావట! మెట్లెలా ఎక్కింది వదినా?" అంది పక్కింటి సుభాషిణి.

"ఇన్నాళ్ళూ అందరూ దాన్ని ఎక్కారు గానీ, అది ఎక్కడం ఇదే మొదలట. ఆయాసపడింది పాపం."

శిఖరం నెమ్మదస్తురాలు. మధ్యాహ్నాలు మంగతాయారు పప్పులో రాళ్ళేరుకుంటుంటే తన ఊరి సంగతులు చెప్పేది. ఉత్తరం వైపు నిట్టనిలువు బండ. అటు దేశం వాళ్ళకి కోరలా కనిపిస్తుంది కాబట్టి తెల్లకోర అన్నారు. దక్షిణం వైపు వాలుగా దిగి పచ్చికలో కలుస్తుంది. ఇటు దేశం వాళ్ళకి ముసుగేసుకుని కూర్చున్న మనిషిలా ఉంటుంది, పెద్దక్క అన్నారు.

"వేసవిలో ఆడవాళ్ళు ఆవుల్ని తోలుకొస్తూ కిందనుంచే పిలుస్తారు. ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోవాలండీ," అంది శిఖరం.

మంగతాయారు మండలాఫీసులో తిరుగు బదిలీకి దరఖాస్తు పెట్టించింది. అందులో పేరుకి ఒకటే గడి ఉంది.

"ఒక్క పేరే చెప్పమనండమ్మా," అన్నాడు గుమాస్తా సత్తిరాజు. మంచివాడు, మంగతాయారుకి కుర్చీ కూడా వేయించాడు.

"ఎటునుంచి చూస్తే ఆ పేరు కదా బాబూ. మీరెటునుంచి చూస్తున్నారు?"

"నేను కౌంటరు వైపు నుంచి చూస్తున్నానండి."

నిబంధన ప్రకారం, వదులుకున్న పేరు ఏ వైపుదో ఆ వైపు కొండని ఇక్కడే వదిలి వెళ్ళాలి. శిఖరం ఒప్పుకోలేదు. తెల్లకోరగా వెళితే ఆవుల వాళ్ళు పచ్చిక కోసం వచ్చి గాలిలో నిలబడాలి. పెద్దక్కగా వెళితే తనకి ఆనుకోవడానికి వీపుండదు. ఫైలు పై ఆఫీసుకి వెళ్ళింది.

ఫాల్గుణం దాటాక శిఖరం కరగసాగింది. మంగతాయారు చుట్టూ ఊక పోయించింది, తడి గోనెలు కప్పింది, పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసిరింది.

"చెయ్యి నొప్పెడుతుంది, ఆపండి."

"నోరు మూసుకుని పడుకో."

ఆ కరిగిన నీళ్ళు కాలవ శివారు పొలాలకి అందాయని, రెండో పంట దాళ్వా వేసిన రైతులు బ్యాండుమేళంతో వచ్చి శిఖరానికి దండ వేశారు. అప్పటికి మామూలు దండే సరిపోయింది.

రోహిణి కార్తెలో విచారణకి పిలుపొచ్చింది. మంగతాయారు శిఖరాన్ని స్టీలు గిన్నెలో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్ళింది. సత్తిరాజు గిన్నెని బల్ల మీద మెల్లగా ఒక చుట్టు తిప్పి చూశాడు. ఉత్తరమూ లేదు, దక్షిణమూ లేదు.

"ఇప్పుడెటునుంచి చూసినా ఒకేలా ఉందండి. ముందే ఇలా వచ్చుంటే ఇంత తిరుగుడు ఉండేది కాదు," అని నిజంగానే బాధపడి, గడిలో కొండ అని రాసి ముద్ర వేశాడు. గడిలో ఇంకా చోటు మిగిలింది.

మంగతాయారు అటునుంచి అటే బస్సెక్కింది. గిన్నె ఒడిలో పెట్టుకుని, కుదుపులకి తొణక్కుండా రెండు చేతులా పట్టుకుంది.

"ఏంటండీ అందులో?" అంది పక్క సీటావిడ.

"మా మనిషేనండి. పుట్టింటికి దింపడానికి వెళ్తున్నాను."

"ఈ ఎండల్లోనా! మూత గట్టిగా పెట్టుకోండి. మా ఆడపడుచునీ ఇలాగే తెచ్చుకున్నాం," అని ఆవిడ లేచి, నీడ వైపు సీటు ఖాళీ చేసి ఇచ్చింది.