పదకొండు గంటల పేషెంటు

ఆ బుధవారం ఉదయం కిషన్ రావు వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. పదింటికి శుభలేఖల సంచీతో అశోక్‌నగర్‌లోని ఇంటి నుంచి బయల్దేరాలి. చిక్కడపల్లిలో నాలుగు కార్డులు పంచాలి. పదకొండింటికి ఎవరి కంటా పడకుండా స్టీలు సామాన్ల దుకాణం పైనున్న మానసిక వైద్యుల క్లినిక్‌లోకి వెళ్లాలి. ఒంటిగంటకు ఇంట్లో భోజనానికి కూర్చోవాలి. నారాయణగూడలో ఒక కాలేజీలో ముప్ఫై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. టైంటేబుల్ వేయడంలో తనను మించినవాడు లేడని ఆయనకు గట్టి నమ్మకం.

"గా కార్డులు సాయంత్రం నేనిస్త గద, మీరెందుకు పోవుడు?" అంది భార్య దమయంతి.

"పిల్ల తండ్రిని నేను పోకుంటే మర్యాదేముంటది?" అని ఆయన చెప్పులు వేసుకున్నాడు.

మూడు నెలలుగా జనం మధ్యకు వెళ్తే చాలు, ఆయనకు గుండె దడదడలాడుతోంది, అరచేతులు చెమటతో తడిసిపోతున్నాయి. ఒకరోజు ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగిన బస్సులోంచి దిగి పరుగెత్తాడు కూడా. మూడుసార్లు ఈసీజీ తీశారు. మూడూ బాగున్నాయి. "గుండెకేం కాలేదు సార్. ఇది ఆందోళన. సైకియాట్రిస్టును కలవండి" అని గుండె డాక్టరు చీటీ రాసిచ్చాడు. నెల తిరక్కుండా కూతురు తన్మయి పెళ్లి. ఐదువందల మంది ఎదుట పీటల మీద కూర్చొని కన్యాదానం చేయాలి. మధ్యలో లేచి పరుగెత్తితే? అంతకుముందే ఈ సంగతి మగపెళ్లివారికి తెలిస్తే? ఈ రెండో ప్రశ్నకు జవాబు ఆలోచించడానికి కూడా ఆయనకు ధైర్యం చాలలేదు.

క్లినిక్‌లో కొత్తవాళ్లతో ముందు కౌన్సెలర్ అనురాగ్ అరగంట మాట్లాడతాడు. తర్వాత సైకియాట్రిస్టు డాక్టర్ సంయుక్త చూసి, అవసరమైతే మందులు రాస్తారు. అక్కడ హాల్లో ఎవర్నీ పేరు పెట్టి పిలవరు, ఇచ్చిన టైముతో పిలుస్తారు. ఫోన్‌లో ఈ మాట విన్నప్పుడే కిషన్ రావుకు ఆ క్లినిక్ మీద గౌరవం కలిగింది. రిసెప్షన్‌లో మహేశ్వరి ఫోన్‌తో తలమునకలై ఉంటే, ఆమెను కదిలించకుండా మూల కుర్చీలో కూర్చొని ఎదుటి గోడ మీద చెమ్మ మరకను చూస్తున్నాడు.

"బావగారూ! మీరేంది ఈడ?"

తలెత్తాడు. ఎదురుగా వెంకటేశ్. పెళ్లికొడుకు అనుదీప్ తండ్రి, కాబోయే వియ్యంకుడు.

ముప్ఫై రెండేళ్లలో ఏ విద్యార్థి ఏ ప్రశ్న అడిగినా కిషన్ రావు తెలియదని చెప్పి ఎరుగడు. ఇప్పుడూ చెప్పలేదు. "డాక్టరమ్మ నా స్టూడెంటు. గోడకు చెమ్మొస్తున్నది, ఏడికెల్లో జర చూసి చెప్పున్రి సార్ అంటే వచ్చిన," అన్నాడు, మరక వైపు వేలు చూపిస్తూ.

వెంకటేశ్ ముఖం వెలిగిపోయింది. "అరె, నేను గూడ గా పని మీదనే వచ్చిన! ఈ బిల్డింగ్ మనదే గద బావగారూ. పదకొండింటికి మేస్త్రీ వస్తనన్నడు. ఇంతపెద్ద సైన్సు సారు ఉండంగ మేస్త్రీ ఎందుకిగ? పోదాం పాండ్రి." మేస్త్రీ కోసం తెచ్చిన సుత్తి, ఉలి వెంకటేశ్ చేతిలోనే ఉన్నాయి.

ఇద్దరూ ఆ గోడ వెనకున్న బాత్రూంలోకి వెళ్లిన మరుక్షణం, చొక్కాకు సున్నం మరకలున్న ఒక మనిషి మెట్లెక్కి వచ్చాడు. పేరు తిమ్మయ్య. పాలమూరు నుంచి వచ్చి ముషీరాబాద్ బస్తీలో ఉంటున్నాడు. "పదకొండు గంటలకు రమ్మన్నరమ్మా," అన్నాడు. మహేశ్వరి రిజిస్టరు చూసింది. పదకొండు గంటలకు ఒక్కరే ఉన్నారు. "రండి, లోపల సార్ మాట్లాడతరు," అని అనురాగ్ గది తలుపు తీసింది.

అనురాగ్ ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. "ఎన్నాళ్ల నుంచి ఉన్నది ఈ ఇబ్బంది?"

"మూడు నెలల సంది అంటున్నరు సార్. పైకేం కనబడది. లోపల్లోపల నానుతుంటది. పట్టించుకోకుంటే ఒకనాడు పగుల్తది."

తన బాధను ఇంత స్పష్టంగా చెప్పిన పేషెంటును అనురాగ్ ఇంతవరకు చూడలేదు. అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. "మరి ఏం చేస్తే బాగుంటదనుకుంటున్నరు?"

"మీదమీద రంగేస్తే ఫాయిదా లేదు సార్. పగలగొట్టి చూడాలె."

అనురాగ్ పెన్ను ఆగింది. "దేన్ని?"

"గోడను సార్."

సంగతి అర్థమై అనురాగ్ నవ్వాడు, పొరపాటుకు మన్నించమన్నాడు. తిమ్మయ్య కూడా నవ్వుతూ లేచాడు. అప్పుడే అతని కళ్లు ఎర్రగా ఉండటం అనురాగ్ గమనించాడు. "రాత్రి నిద్ర లేదా అన్నా?" అని మామూలుగానే అడిగాడు. తిమ్మయ్య మళ్లీ కూర్చున్నాడు. రెండు నెలల కింద తన జతగాడు తన కళ్ల ముందే మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము పోయింది. అప్పటి నుంచి కళ్లు మూస్తే అదే కనబడుతోంది. ఎత్తు ఎక్కితే కాళ్లు వణుకుతున్నాయి. అందుకే పెద్ద పనులు మానేసి నల్లాలు, పైపుల పనికే పోతున్నాడు. ఇంట్లో భార్య కురుమమ్మకు కూడా చెప్పలేదు. అనురాగ్ వాచీ చూడటం మానేసి వినసాగాడు.

ఇటు బాత్రూంలో కిషన్ రావు తన సబ్జెక్టులోకి వచ్చేశాడు. గోడను వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. నీటి పీడనం గురించి ఐదు నిమిషాలు పాఠం చెప్పాడు. వెంకటేశ్ నోరు తెరుచుకొని విన్నాడు. చివరికి కిషన్ రావు చాక్‌పీసు లేని లోటు తీర్చుకుంటూ సబ్బుతో టైలు మీద గుండ్రంగా గీశాడు. "సరిగ్గా ఈడ. కొట్టున్రి."

వెంకటేశ్ కొట్టాడు. లెక్క ఎంత కచ్చితంగా కుదిరిందంటే, ఉలి తిన్నగా పైపులోనే దిగింది.

నీళ్లు ముందు వెంకటేశ్ కళ్లద్దాలను తీసుకుపోయాయి. తర్వాత శుభలేఖల సంచీని. కార్డులు ఒక్కొక్కటే పడవల్లా గడప దాటి హాల్లోకి ప్రయాణం కట్టాయి. "బొటనవేలు పెట్టి ఆపున్రి!" అని కిషన్ రావు అరిచాడు. "నా దగ్గర రెండే ఉన్నయి బావగారూ!" అని వెంకటేశ్ అరిచాడు. నీళ్లు మెట్లు దిగి స్టీలు సామాన్ల మీద పడుతుంటే దుకాణంలోని వాళ్లంతా పైకి పరుగెత్తుకొచ్చారు. బాత్రూం గుమ్మం నిండా జనం. డాక్టర్ సంయుక్త తన గదిలోంచి వచ్చి, పాదాల మీదుగా పోతున్న శుభలేఖను ఎత్తి చూసి, "మహేశ్వరీ, ఏందిది?" అన్నారు.

అంతమంది ముఖాలు చూసేసరికి కిషన్ రావుకు గుండె దడ మొదలైంది. చెవుల్లో హోరు. ఊపిరి అందడం లేదు. గోడ పట్టుకొని తడినేల మీదే కూలబడ్డాడు.

"బావగారికి హార్టెటాకు!" అని వెంకటేశ్ పెద్దగా అరిచాడు.

తిమ్మయ్య జనాన్ని తోసుకొని వచ్చి, గోడ చూసి, మనుషుల్ని చూసి, "ముందుగాల వాల్వు బంద్ చెయ్యాలె గద సార్?" అన్నాడు. ఎత్తు సంగతి మరిచి, వాల్వు వెతుక్కుంటూ మేడ మీదికి పోయాడు. నీళ్లు ఆగాయి. అనురాగ్ తడిలోనే కిషన్ రావు పక్కన కూర్చున్నాడు. "నాతోని ఊపిరి తీసుకోండి సార్. మెల్లగ వదలండి. ఇది పోతది. ఎంత భయంకరంగ వచ్చినా పోయేదే." డాక్టర్ సంయుక్త నాడి చూసి, జనాన్ని కిందికి పంపేశారు. పది నిమిషాలకు కిషన్ రావుకు నిజంగానే తేలికపడింది.

ఇక దాచడానికి ఆయన ఒంట్లో ఓపిక లేదు. "బావగారూ, నేను గోడ కోసం రాలే. నేను పేషెంటును. పదకొండు గంటల పేషెంటును. పెళ్లి గురించి మీరు ఏమనుకున్నా సరే, నాకేమొచ్చినా నా బిడ్డకు మాత్రం ఏం లేదు."

వెంకటేశ్ కళ్లద్దాలు లేని కళ్లు చికిలించి ఆయన్ను చూశాడు. తర్వాత పక్కనే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"రెండేండ్ల కింద మా అనుదీప్‌కు గూడ నిద్రలేక, తిండిలేక మస్తు పరేషాన్ అయింది. ఈ డాక్టరమ్మనే బాగుచేసింది. గందుకే గీ ఫ్లోరు పిలిచి మరీ ఇచ్చిన. మావాడు తన్మయికి మొదటి రోజే చెప్పిండు. మీకు చెప్దామని నేను రెండుసార్లు బయల్దేరిన. ఆ పిల్లనే ఆపింది."

"ఎందుకు?"

"'మా డాడీకి చిన్నదానికి గూడ గుండె దడ వస్తది మామయ్యా. ఆయన అనుకుంటడు మాకు తెల్వదని. పెళ్లయినంక మెల్లగ చెప్దాం' అన్నది."

కిషన్ రావు పక్కనున్న తడి శుభలేఖను ఎత్తి వెంకటేశ్ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత లేచి, తడి పంచె పిండుకొని, "నడువు బాబూ, నా టైము అయిపోతున్నది," అని అనురాగ్ వెంట గదిలోకి వెళ్లాడు. వెంకటేశ్ కుర్చీల మీద శుభలేఖలు ఆరబెడుతూ బయటే కూర్చున్నాడు.

తిమ్మయ్య పైపు అతికి, సంచీ సర్దుకొని రిసెప్షన్ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, వచ్చే బుధవారం మళ్ల రమ్మన్నరు. గోడకా, నాకా?"

మహేశ్వరి ఒక్క క్షణం ఆలోచించి రెండింటికీ రాసుకుంది. ముందు గోడకు.