కంచె మొహం ఎటువైపు?

ఇరుగుపొరుగు చల్లగా ఉండాలంటే రెండిళ్ల మధ్య గట్టి చెక్క కంచె ఒకటి పడి తీరాలి! అదీ ఎవరికి వాళ్లు సొంత చేతులతో కట్టుకున్నదై ఉండాలి. వేలు సుత్తి కింద నలగాలి, నడుం పట్టెయ్యాలి, గోళ్లలో వార్నిష్ చేరాలి. అప్పుడుగానీ మనిషికి మనిషి విలువ తెలియదు.

నవ్వకండి. నమ్మకం కుదరకపోతే లెక్కల మాస్టారి సంగతి వినండి.

మాస్టారు ముప్పై ఆరేళ్లు స్కూల్లో లెక్కలు చెప్పి కిందటేడు రిటైరయ్యారు. ఆయన భార్య ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఆవిడకింకా నాలుగేళ్ల సర్వీసుంది. ఆవిడ డ్యూటీకి వెళ్లాక ఇంట్లో మిగిలేది మాస్టారూ, గోడ గడియారమూ.

పక్కింట్లో ఉండేది బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. వీధి వీధంతా ఆయన్ని హారన్‌గారు అంటుంది. ఎదుటే అంటుంది, ఆయనా సంతోషంగానే పలుకుతారు. మెల్లగా మాట్లాడటం ఆయనకు చేతకాదు మరి! రెండు పెరళ్ల మధ్యా మోకాలెత్తు గోడ. పొద్దున్నే దాని దగ్గర నిలబడి "మాస్టారూ, కాఫీ అయిందా?" అని ఒక్క కేక పెడితే మాస్టారి కప్పులో కాఫీ తొణికేది.

ఆ తర్వాత బస్సు కబుర్లు. ఏ మలుపులో బ్రేకు పడలేదు, ఏ ప్రయాణికుడు టికెట్ నమిలేశాడు... మాస్టారికి తల బొప్పి కట్టేది.

అలాంటి రోజుల్లో ఫోన్లో ఒక వీడియో ఆయన కంటపడింది. తూర్పు దేశాల పద్ధతిలో వేసిన తోట. తెల్ల గులకరాళ్లు, వెదురు గుబురు, రాతి దీపం, వెనకాల తేనె రంగు చెక్క కంచె, పైన సన్నటి జాలీ పని. దాని ముందు గుండు చేయించుకున్న ఒకాయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆయన్ని ఎవరూ కాఫీ అయిందా అని అడగటం లేదు!

మాస్టారు ఆ వీడియో పదకొండుసార్లు చూశారు. ఇక ఆగుతారా?

మర్నాడే చెక్క డిపోకి వెళ్లారు. అక్కడి వడ్రంగి "నేనొచ్చి వేసిపెడతా సార్, రెండ్రోజుల పని" అంటే, "నీకు త్రికోణమితి వచ్చా?" అని అడిగి నోరు మూయించారు.

రెండ్రోజుల పని రెండున్నర నెలలు పట్టింది. అందులో ఆయన తప్పేముంది? లోకంలో ఏ చెక్కా తిన్నగా ఉండదు, ఏ నేలా సమంగా ఉండదు. అవన్నీ లెక్కల పుస్తకంలోనే ఉంటాయి. గుంజల కోసం ఆరు గుంతలు తవ్వితే మూడింట్లో నీళ్ల పైపే తగిలింది. మిల్లీమీటరు తేడా వచ్చిందని ఒక పలకను కోసి, మళ్లీ కోసి, మళ్లీ కోస్తే పలక కాస్తా స్కేలయింది.

హారన్‌గారు మొదటిరోజే గోడ దగ్గరికొచ్చారు.

"ఏంటి మాస్టారూ, ఏదో కడుతున్నారు?"

"కంచెండీ. కాస్త ప్రశాంతత కోసం."

"ఇన్నాళ్లూ లేదా ఏంటి?"

మాస్టారు సుత్తి అందుకున్నారు. మేకు మీద గట్టిగా నాలుగు దెబ్బలు వేశారు. హారన్‌గారికి సంగతి అర్థమైంది. మొహం చిన్నబోయింది. "అలాగే, కానివ్వండి" అని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మెల్లగా అని, లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి కేక లేదు.

కంచె పూర్తయింది. పలకలన్నీ నేల మీదే చట్రాలకు బిగించి, వార్నిష్ ఆరబెట్టి, వీడియోలో ఎలా ఎత్తితే అలా ఎత్తి, సిమెంటు పోసిన గుంజలకు బోల్టులు వేశారు. ఎవరూ విప్పకుండా వాటి తలలు కూడా కోసేశారు. అంత నమ్మకం!

భార్య డ్యూటీ నుంచి వచ్చి చూసింది. "బాగుందండీ. ఎక్స్‌రే తీసినట్టుంది."

నిజమే. అడ్డ బద్దలు, నట్లు, మేకుల మొనలు, కంచె ఎముకలన్నీ ఇటే. తేనె రంగూ, నునుపూ, జాలీ పనీ అన్నీ అటు, హారన్‌గారి పెరట్లోకి! మాస్టారు వీడియో మళ్లీ చూస్తే చిక్కు తెలిసింది. కంచె బిగించే ఘట్టాన్ని వాళ్లు తోట బయట నిలబడి తీశారు. ఈయన లోపల నిలబడి చేశారు.

ప్రశాంతత మాత్రం అనుకున్నట్టే వచ్చింది. ఊరికే రాలేదు, పెట్టేబేడా సర్దుకుని కాపురానికే వచ్చింది! గులకరాళ్ల ముందు కళ్లు మూసుకుంటే ఫ్రిజ్ మూలుగు వినిపించింది. కుళాయి చుక్కలు లెక్కపెడితే నిమిషానికి ఇరవై మూడు. తన మోకాలు కూడా ఏదో అంటోందని కొత్తగా తెలిసింది. నాలుగో రోజుకి ఆయనే వెదురు గుబురుని "ఏం, నీళ్లు సరిపోయాయా?" అని పలకరించారు.

అయిదో రోజు సాయంత్రం చొక్కా మార్చుకుని, స్క్రూడ్రైవరు పట్టుకుని, వీధిలోంచి చుట్టూ తిరిగొచ్చి హారన్‌గారి గేటు తట్టారు.

"ఒక మేకు మీద అనుమానంగా ఉందండీ. చూసి వెళ్తా."

మేకుకి స్క్రూడ్రైవరెందుకని హారన్‌గారు అడగలేదు. ఇంకో కుర్చీ తెచ్చి కంచెకు ఎదురుగా వేశారు. పడమటెండలో కంచె నిగనిగలాడుతోంది. తను కట్టినదాన్ని మాస్టారు నిండుగా చూడటం అదే మొదలు.

"నాకు కోపమొచ్చింది మాస్టారూ," అన్నారు హారన్‌గారు. "నా నోటికి తలుపు బిగిస్తున్నారనుకున్నా. తీరా చూస్తే మంచి వైపు మాకిచ్చి, చెడ్డ వైపు మీరుంచుకున్నారు. సొంత తమ్ముడు చేస్తాడా ఈ పని? వచ్చి ఆ మాట చెబుదామంటే మొహం చెల్లలేదు."

మాస్టారు తన చేతివైపు చూసుకున్నారు. జవాబు సరిగ్గా ఉన్నా, కాపీ కొట్టిన పిల్లలకు సున్నా వేసిన చెయ్యి అది. నిజం చెప్పెయ్యాలి కదా?

"అదీ... ఆ దేశాల్లో పద్ధతండీ," అన్నారు.

"ఎంత గొప్ప పద్ధతండీ!" అని హారన్‌గారు పెట్టిన కేకకు మాస్టారి చెవులు గింగురుమన్నాయి. ఎంత హాయిగా ఉందో!

ఇక రోజూ సాయంత్రం మకాం అక్కడే. "ముందు ఆ మలుపు దగ్గర ఏమైందో చెప్పండి" అని ఇప్పుడు మాస్టారే తొందరపెడుతున్నారు.

మొన్న ఆదివారం ఆయన ఇంటికొచ్చేసరికి భార్య గులకరాళ్ల మధ్య పీట వేసుకుని, కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని ఉంది. ఎదురుగా ఎముకల కంచె. మాస్టారికి జాలేసింది.

"పాపం, నీకు ఈ వైపే దక్కింది. బిగించేటప్పుడు ఒక్కళ్లయినా చూసి చెప్పుంటే..."

"చూశానుగా," అందావిడ కళ్లు తెరవకుండానే. "మొదటి చట్రం నిలబెట్టినప్పుడే."

"మరి చెప్పలేదేం?"

"రోజంతా వార్డు గోల విని ఇంటికొస్తానా? ఏడాదిగా మీరు గుమ్మంలోనే కాచుకుని, కూరముక్కలు సమానంగా లేవని, పోపుడబ్బాలు వరసలో లేవని ఒకటే పాఠం. మీకు వేరే ఎక్కడైనా కూర్చునే చోటు దొరికితే చాలనుకున్నా. వెళ్లండి, హారన్‌గారు పిలుస్తున్నట్టున్నారు."

ఎవరూ పిలవలేదు. అయినా మాస్టారు వెళ్లారు.

కాబట్టి మహాశయులారా, ప్రశాంతత కావాలంటే కంచె పడాల్సిందే. కాకపోతే మీరు కట్టకండి. ఇంట్లో రిటైరైనవాళ్లుంటే వాళ్లచేత కట్టించండి. మొహం ఎటు పెట్టినా నోరెత్తకండి!