పార్కు పక్కన ఇల్లు

"ఇకమీదట గాలి, నీరు, దుమ్ము గురించి చదవకుండా ఏ ఒక్కరూ వైద్యపట్టా పుచ్చుకోలేరు!" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

కారణముంది. మా ఆవిడ రెండేళ్లు దగ్గింది. ఏడుగురు డాక్టర్లు చూశారు. ఏం తింటుందో అడిగారు, పుట్టింట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా అని అడిగారు. ఇంటి పక్కన ఏముందని ఒక్కరూ అడగలేదు. ఆవిడ పోయాక, ఆ ఒక్క ప్రశ్న పాఠాల్లో చేర్చమని పదకొండు అర్జీలు పెట్టాను. బడిపంతులు మాట మన్నించిన మంత్రి చరిత్రలో మరొకరున్నారో లేదో నాకు తెలియదు.

పనులు చకచకా సాగాయి. యూనివర్సిటీలో పర్యావరణ ఆరోగ్య విభాగం వెలిసింది. భవనం కట్టించినవారు మా వీధిలోని రంగుల ఫ్యాక్టరీవారు. శ్రమ తగ్గుతుందని పరీక్ష ప్రశ్నలూ జవాబులూ కూడా వారే అచ్చువేయించి ఇచ్చారు. ఎవరూ అడగకుండానే!

మొదటి ప్రాక్టికల్స్‌కి రోగిగా కూర్చోమని నన్నే పిలిచారు. మంత్రిగారు ముందు వరుసలో ఉన్నారు. నా ఎదుట తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకప్పుడు నా దగ్గర ఎక్కాలు నేర్చుకుంది.

"మీ ఇంటి పక్కన ఏముందండీ?" అంది.

కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

"రంగుల ఫ్యాక్టరీ గొట్టం."

ఎగ్జామినర్ తన కాగితం చూసుకున్నారు. "తప్పు. మళ్లీ అడుగమ్మా."

"తప్పేంటండీ? మా ఇల్లు నాకు తెలీదా?"

"మీకు తెలుసు మాస్టారూ, కాదన్నదెవరు? కీలో మాత్రం పార్కు అని ఉంది. మీరు పార్కు అనకపోతే ఆ అమ్మాయికి సున్నా."

"కమిటీ ఆమోదించిన కీ అది!" అన్నారు మంత్రిగారు గర్వంగా. "ఆ కిటికీ మూయండయ్యా, చొక్కా మీద మసి పడుతోంది."

అమ్మాయి ముందుకు వంగింది. "మాస్టారూ, మీకు దణ్ణం పెడతా. ఇది పోతే ఏడాది పోతుంది. మా నాన్నకీ దగ్గు మొదలైంది. నేను తొందరగా డాక్టర్నవ్వాలి."

ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ పిల్లకీ తప్పు జవాబు చెప్పి ఎరగను.

"పార్కు," అన్నాను.

చప్పట్లు. నూటికి నూరు.

వారం తర్వాత నాకు ప్రశంసాపత్రం వచ్చింది. పోస్ట్‌మాన్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

"పేరు చూసి తెచ్చాగానీ మాస్టారూ, అడ్రసులో 'పార్కు పక్కన' అని రాశారేంటి? మన వీధిలో పార్కెక్కడుందండీ?"

"ఈమధ్యే వచ్చింది నాయనా," అని సంతకం పెట్టాను.