లేవమన్న బండి

ఆ సోమవారం జగ్గారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని పెందలాడే ఆఫీసుకొచ్చాడు. టిఫిన్ల వేళకల్లా ఓనరు ప్రసన్నలక్ష్మిగారి ముందు కంప్యూటర్ పెట్టి, చేపల వ్యాన్లకు డీజిల్ ఖర్చు ఎంత తగ్గిందో చూపించాలి. తాడేపల్లిగూడెంలో ఆ వ్యాన్లకు అతను మేనేజరు. ఆ కుర్చీ ఉంటుందో ఊడుతుందో ఈ చూపించడం మీదే ఉంది. ఆవిడ మెత్తగానే చెప్పింది, "తగ్గించండి జగ్గారావుగారూ. తగ్గకపోతే ఇద్దరం మొహమాటపడాల్సొస్తుంది." అతనికి యాభై దాటి చాలాకాలమైంది. ఈ కుర్చీలోంచి లేపితే ఇంకోచోట కూర్చోమనేవాళ్లు లేరు.

అందుకే పట్టుబట్టి సాఫ్ట్‌వేర్ కొనిపించాడు. ప్రతి వ్యానులోనూ డ్రైవరు ముఖానికి ఎదురుగా ఒక కెమెరా, పక్కనే ఒక స్పీకరు. పాలసీ మొత్తం జగ్గారావే రాశాడు. టీకొట్టు దగ్గర ఇంజను ఆపకపోతే జీతంలో కోత. దారి మళ్లితే కోత. సరుకుబండిలో మనిషిని ఎక్కిస్తే కోత. కదలకుండా ఒకేచోట ఉండి ఖర్చు తినేదాన్ని తీసెయ్యాలి. డ్రైవరు కళ్లు మూతపడితే స్పీకర్లోంచి ఒక ఆడగొంతు, "మీరు నిద్రపోతున్నారు. లేవండి" అంటుంది. మూడుసార్లు చెప్పినా వినకపోతే కోత పడి, ఇంజను ఆగిపోతుంది. మళ్లీ కదలాలంటే మేనేజరు ఆఫీసు కంప్యూటర్లోంచి అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి ఫోనులో కూడా పెట్టమంటారా అని అమ్మినవాళ్లు అడిగితే వద్దన్నాడు. ఫోనులో పెడితే డ్రైవర్లు తనను అన్నం కూడా తిననివ్వరని అతని లెక్క.

కంప్యూటర్ ఇంకా తెరవకముందే కబురొచ్చింది. ప్రసన్నలక్ష్మిగారి నాన్నగారు, ఈ వ్యాపారం మొదలుపెట్టిన ఏడుకొండలుగారు, కొల్లేటి గట్టున సొంతూళ్లో తెల్లవారుజామున పోయారు. తను కొన్న మొట్టమొదటి వ్యానులోనే తనను తీసుకెళ్లాలని, పాత డ్రైవరు నెల్సనే నడపాలని ఆయన చివరి కోరిక. జగ్గారావు సంతాపంగా ఆఫీసుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, నెల్సన్ పక్కన ఎక్కాడు.

భీమడోలు దాటి వ్యాను కొల్లేటి వైపు తిరగగానే స్పీకరు, "మీరు దారి తప్పారు" అంది. జగ్గారావుకు ప్రాణం ఉసూరుమంది. ఇవాళ బండి అనే ప్రతి మాటా రేపు తన రిపోర్టులో చేరుతుంది. నెల్సన్ బండిని అలాగే పోనిచ్చాడు. పాతికేళ్లు అదే సీట్లో కూర్చుని నడిపాడు. పక్కసీట్లో ఎప్పుడూ పెద్దాయనే కూర్చునేవారు. ఆ సీటు వంక చూసినప్పుడల్లా అక్కడ జగ్గారావు కనిపించి అతనికి మరింత దుఃఖం వచ్చింది.

ఊళ్లో ప్రసన్నలక్ష్మిగారిని చూడగానే జగ్గారావు చేతులు జోడించాడు. "రిపోర్టు తరవాతే చూద్దురుగానండీ" అన్నాడు ఓదార్పుగా. ఆవిడ అతని వంక కాసేపు చూసి తల తిప్పుకుంది.

మబ్బు పట్టి ఉంది. గట్టుకు రెండు వైపులా చేపల చెరువులు, మధ్యలో మోకాలి లోతు బురద. పాడెను వ్యానులోకి ఎక్కించారు. ఎన్ని పూలు చల్లినా, ఎన్ని అగరొత్తులు గుచ్చినా చేపల వాసనే గెలిచింది. ముందు మనవడు చరణ్‌తేజ నిప్పుకుండ పట్టుకుని నడుస్తుంటే వెనకాల వ్యాను పాక్కుంటూ వెళ్లింది.

దింపుడు కళ్లం దగ్గర వ్యాను ఆపి పాడెను కిందికి దించారు. ఆడవాళ్లు అక్కడిదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతారు. అక్కడ పోయినవారి చెవిలో మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలనైనా మిగిలుంటే పలుకుతుందని ఆశ. ముసలిబండి, ఆపితే మళ్లీ అందుకోదని నెల్సన్ ఇంజను ఆపలేదు. స్టీరింగు పట్టుకుని కూర్చుని, పిలుపు వినలేక కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

చరణ్‌తేజ వంగి, "తాతయ్యా" అన్నాడు.

"మీరు నిద్రపోతున్నారు. లేవండి" అంది వ్యాను.

నిప్పుకుండ పొగలో అందరూ బిగుసుకుపోయారు. బయటివాళ్లకు నెల్సన్ కళ్లు కనబడవు, బండి గొంతు మాత్రం వినబడింది. కుర్రాడు రెండోసారి పిలిచాడు. బండి రెండోసారీ లేవమంది. మూడోసారి పిలిచేసరికి నెల్సన్ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. బండి మూడోసారీ మర్యాదగా లేవమని చెప్పి, ఇంజను ఆపేసింది.

ఏడుకొండలుగారి చెల్లెలు కాంతమ్మ పాడె పక్కన బురదలోనే చతికిలబడింది. "ఎవరూ ఎత్తకండి" అంది. "నిద్రపోతున్నాడని చెప్తోంది కదా. మా అన్నయ్యది మొద్దునిద్ర. కాస్త ఆగితే లేస్తాడు." కొంగుతో ఆయన ముఖం మీద ఈగలు తోలడం మొదలుపెట్టింది. ఇద్దరు ముసలివాళ్లు కూడా, పోనీ ఒకసారి చెయ్యి పట్టి చూస్తే పోయేదేముంది అన్నారు. నాడి చూడ్డానికి భీమడోలు నుంచి డాక్టర్ని పిలవడానికి ఎవరో మోటారుసైకిలెక్కి వెళ్లారు.

జగ్గారావు చెరువుగట్టు చాటుకెళ్లి సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాడు. ఎత్తిన అమ్మాయి తన పేరు స్నేహలతని చెప్పి, బండిలో సరుకేమిటని అడిగింది.

"సరుకు కాదమ్మా. మా ఓనరుగారి నాన్నగారు."

"ప్యాసింజరన్నమాట. సరుకుబండిలో ప్యాసింజర్ని ఎక్కించకూడదని మీ పాలసీలో ఉందండీ."

"ఆయన పోయారమ్మా."

"ఎక్కడికండీ?"

జగ్గారావు ఆకాశం వంక చూశాడు. "పైకి."

"బండిలో లేరన్నమాట. అయితే దారిలో ప్యాసింజర్ని దించారని రాసుకుంటానండీ. దానికీ వేరే కోత ఉంది." అనుమతి మాత్రం ఆఫీసు కంప్యూటర్లోంచే రావాలని, ఆ నిబంధన మేనేజరుగారే పెట్టించుకున్నారని, మేనేజరుగారిని ఒకసారి లైన్లోకి పిలవమని ఆ అమ్మాయి కోరింది. జగ్గారావు ఫోన్ పెట్టేశాడు. జేబులో తాళంచెవి తొడకు గుచ్చుకుంది.

డాక్టరు వచ్చాడు. చెయ్యి పట్టుకుని చూశాడు. ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

సన్నగా చినుకులు మొదలయ్యాయి. వ్యాను దారికి అడ్డంగా నిలబడి కదలనంది. చివరికి నలుగురు పాడెను భుజాలకెత్తుకుని, వ్యాను పక్కనుంచి బురదలోకి దిగారు. నాలుగో భుజం నెల్సన్‌ది. అప్పుడు కాంతమ్మ లేచి జగ్గారావు దగ్గరకొచ్చి, చిన్నపిల్లలా అతని చొక్కా పట్టుకుంది.

"బాబూ, ఆ బండి చేత ఇంకొక్కసారి అనిపించవా?"

జగ్గారావు తల వంచుకున్నాడు. బండి పలకలేదు.

దినకార్యం అయిన మర్నాడు ప్రసన్నలక్ష్మిగారు ఆఫీసుకొచ్చింది. జగ్గారావు కంప్యూటర్ తెరిచాడు. డీజిల్ తగ్గింది. బాగానే తగ్గింది. అతను కుర్చీలో వెనక్కి వాలాడు. ఆవిడ తల ఊపింది. నెల్సన్ ఏడ్చినందుకు పడ్డ కోత తీసేయించానని చెప్పింది. ఆ హెల్ప్‌లైను అమ్మాయితో తానూ మాట్లాడానని, అనుమతి ఇచ్చే వీలు ఇప్పుడు తన ఫోనులోనే పెట్టించుకున్నానని చెప్పింది.

"మంచి పని చేశారండీ" అన్నాడు జగ్గారావు, మనస్ఫూర్తిగానే.

"ఖర్చు ఇంకా ఎక్కడైనా తగ్గుతుందా అని కూడా అడిగానండీ. తప్పులు బండే పట్టుకుంటోంది, కోత బండే వేస్తోంది, అనుమతి నేనే ఇస్తున్నాను. ఇంక మిగిలింది ఒక్కటే." ఆవిడ మొహమాటంగా గోడకేసి చూసింది. "కదలకుండా ఒకేచోట ఉండి ఖర్చు తినేదాన్ని తీసెయ్యాలని పాలసీలో మీరే రాశారు."

జగ్గారావు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"లేవండి, జగ్గారావుగారూ" అంది ఆవిడ, మెత్తగానే.

ఈసారి లేవాల్సినవాడు మొదటి పిలుపుకే లేచాడు.