సముద్రం దిక్కు బండి

ఆ రోజు ఓదెలు కోడికంటే ముందే లేచాడు. దుబాయ్ క్యాంపులో పన్నెండేళ్ళు ఒకే గదిలో ఉండి వచ్చిన ఓదెలు, జలపతి చెరి సగం వేసుకొని ఓ పాత వ్యాను కొన్నారు. లోపల నాలుగు మంచాలు, గ్యాసుపొయ్యి బిగించారు. మొదటి ప్రయాణం బాపట్ల సముద్రానికి. ఓదెలు రెండేళ్ళకోసారి దాటి వచ్చిన సముద్రాన్ని అతని భార్య భూదేవి ఒక్కసారీ చూడలేదు.

భార్యాభర్తలు సారంగాపూర్ నుంచి బయల్దేరి, కోరుట్లలో జలపతి ఇంటిముందు ఆగారు. జలపతి, అతని భార్య రేణుక సామాన్లు ఎక్కిస్తుండగా వెంకటి అనే సిరిసిల్ల మనిషి వచ్చి లోపలికి తొంగిచూశాడు. సాంచాల మీద బట్ట నేసే పని బందై, డ్రైవింగు నేర్చుకొని, పాస్‌పోర్టు పట్టుకొని దుబాయ్ పంపే ఏజెంట్ల చుట్టూ తిరుగుతున్నాడు.

"బండి ఎటు వోతుందన్నా?"

"సముద్రం దిక్కు!" అన్నాడు ఓదెలు హుషారుగా. "నలుగురికే జాగ. మంచాలు అచ్చం దుబాయ్ లెక్కనే!"

వెంకటి వెంటనే ఫోను తీశాడు. అరగంటలో వీధి నిండా జనం, చేతుల్లో పాస్‌పోర్టులు.

"అన్నా, నాకు వెల్డింగ్ అస్తది!"

"నేను వంట జేస్త!"

జలపతి బానెట్ ఎక్కి అరిచాడు. "గిది దుబాయ్ పోదు! దుబాయ్ సంగతి మాకు తెల్వదా? పన్నెండేండ్లున్నం!"

"పన్నెండేండ్ల ఎక్స్‌పీరియన్సట!" అంటూ జనం మరింత తోసుకొచ్చారు.

ఆ గోలకు పోలీసులు దిగారు. "బండి ఎవలది?" అని అడగగానే ఓనర్లిద్దరూ ఛాతీ విరిచి ఒకేసారి "నాది" అన్నారు. బోగస్ ఏజెంట్లని ఇద్దరినీ జీపెక్కించారు. "తొవ్వకు అడ్డమున్నది, బండి తియ్యుండ్రి" అని కానిస్టేబుల్ ఆడవాళ్ళను గదమాయించాడు.

స్టేషన్లో ఎస్సైకి సంగతంతా అర్థమై, నవ్వి వదిలేసేసరికి మధ్యాహ్నం దాటింది. బయట బండి లేదు. ఓదెలు గాబరాగా భూదేవికి ఫోను చేశాడు.

"ఏడున్నవే?"

"పోలీసాయన బండి తియ్యమన్నడు గదా, తీసినం."

"ఏడిదాక తీసిండ్రు?"

"సిరిసిల్ల దాటినం. వెంకటి మస్తు నడుపుతుండు. పాపం, గాయనకు నౌకరి దొరికింది."

"ఆగుండ్రే, మేం బస్సుల అస్తం!"

"నువ్వు అస్తనంటే నేను ఇన్నేండ్లు ఆగిన. గిప్పుడు జర నువ్వాగు. ఫోటో పంపుత."

వెనకనుంచి రేణుక నవ్వు వినిపించింది. ఫోను కట్టయింది.

ఓనర్లిద్దరూ బస్టాండు దాకా నడిచి వెళ్ళారు.